చైత్ర బహుళ త్రయోదశి, సోమవారం

మా అమ్మమ్మ సంవత్సరీకాలు అయిన తరువాత ఆవిడ ట్రంకు పెట్టె సర్దుతుండగా, చీరల అడుగున గోధుమరంగు అట్ట వేసిన పద్దు పుస్తకం ఒకటి దొరికింది. అది ఆవిడ నాన్నగారిది, అంటే మా ముత్తాతగారిది. ఆయన విశాఖపట్నం హార్బరులో టాలీ గుమాస్తా. ఓడలోకి ఎక్కే సరుకునూ, ఓడ నుంచి దిగే సరుకునూ రేవు మీద నిలబడి లెక్క రాయడం ఆయన ఉద్యోగం. ఇంటి ఖర్చును కూడా అదే శ్రద్ధతో, ఎడమ వైపు తిథివారాలు వేసి, రూపాయలు, అణాలు, పైసల్లో రాసుకున్నారు.

మా ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1942లో జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన నాడే మావాళ్ళు కట్టుబట్టలతో బండెక్కి ఏదో పల్లెకు వెళ్ళిపోయారనీ, దసరా ముందు వరకూ అక్కడే తలదాచుకున్నారనీ, తిరిగి వచ్చేటప్పుడు చోటిచ్చిన ఇంటివారికి గుర్తుగా ఒక ఇత్తడి చెంబు ఇచ్చి వచ్చారనీ ఆ కథ. పల్లె పేరు గానీ, ఆ ఇంటివారి పేరు గానీ ఎవరికీ తెలియవు. అప్పటికి అమ్మమ్మకు తొమ్మిదేళ్ళు. బాంబుల చప్పుడు గురించి ఆవిడ మాకు వందసార్లు చెప్పి ఉంటుంది. అన్ని నెలలు ఉన్న ఊరి గురించి అడిగితే మాత్రం, "మెట్లకొండ కనబడేది, ఏరు దాటి వెళ్ళాం" అని అక్కడితో ఆపేసేది. ఆ పేరు లేని ఇంటిని వెతకడానికే నేనూ, మా చిన్న మామయ్యా ముక్కనుమ వెళ్ళిన మర్నాడు హైదరాబాదు నుంచి బయలుదేరాం.

జనవరి 18, శనివారం: వన్ టౌన్

విశాఖవాళ్ళు పాత ఊరిని వన్ టౌన్ అంటారు. జగదాంబ జంక్షన్ నుంచి పాత పోస్టాఫీసుకు ఆటో అతను 120 రూపాయలు అడిగి, కోట వీధి అనగానే "అక్కడ బండి తిరగదమ్మా, నడుచుకోవాల్సిందే" అని ముందే చెప్పాడు. కురుపాం మార్కెట్ దాటేసరికి వీధులు సన్నబడ్డాయి. సముద్రపు గాలిలో ఎండునెత్తళ్ళ వాసన కలిసింది. రేవు ముఖద్వారానికి ఎదురుగా ఉన్న మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి కనిపిస్తూ ఉంటే, ఊరంతా ఆ మూడింటి ఒడిలో సర్దుకుని కూర్చున్నట్టు అనిపించింది.

పుస్తకం మొదటి పేజీలో ముత్తాతగారు రాసుకున్న చిరునామా "కోట వీధి, బురుజుపేట దరి" అని ఉంది. కోట ఇప్పుడు లేదు, బురుజూ లేదు. పేర్లు మాత్రం మిగిలాయి. 1757 జూన్‌లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ రేవులోని ఇంగ్లీషు కంపెనీ స్థావరాన్ని లొంగదీసుకున్నాడు. అంటే సముద్రం వైపు చూస్తూ భయపడటం ఈ వీధులకు 1942లో కొత్తగా వచ్చింది కాదు.

ఇల్లు దొరకలేదు. ఆ జాగాలో మూడంతస్తుల మేడ లేచింది. కింద పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే దుకాణం ఉంది. మేము అటూ ఇటూ తిరుగుతుంటే ఇస్త్రీబండి దగ్గరి ముసలాయన బొగ్గులపెట్టె పక్కన పెట్టి, "ఎవుల తాలూకు బాబూ మీరు?" అని మామయ్యను అడిగారు. ఉత్తరాంధ్రలో ఆ ఒక్క ప్రశ్నలో ఊరూ, వంశమూ, వచ్చిన పనీ అన్నీ ఇమిడి ఉంటాయి. మేము చెప్పింది విని ఆయన కాసేపు ఆలోచించారు. బాంబులు పడ్డాక ఈ వీధిలో కుక్కలు తప్ప మనుషులు మిగల్లేదని వాళ్ళ నాన్న చెప్పేవాడట. ఇల్లు చూపించలేను గానీ నుయ్యి చూపిస్తానని, మమ్మల్ని ఒక సందులోకి తీసుకువెళ్ళారు.

నూతి మీద ఇనప జల్లెడ వేసి, దాని మీద తులసి కుండీలు పెట్టారు. గట్టు మాత్రం పాతదే. నల్లరాతి అంచున, చేద లాగిన చోటల్లా తాడు ఒరుసుకుని చేసిన గాడులున్నాయి. కొన్ని వేలు పట్టేంత లోతు, కొన్ని అప్పుడే మొదలై ఆగిపోయినంత పైపైన. నేను ఒక గాడిలో చూపుడువేలు పెట్టి లెక్కపెట్టాను. పదకొండు. వాటిలో ఏది మా ముత్తమ్మమ్మ చేతి తాడు చేసిందో చెప్పేవారు లేరు, కానీ ఆవిడ ప్రతిరోజూ నిలబడిన చోట నేను నిలబడ్డానన్న సంగతి నాకు చాలా పెద్దదిగా తోచింది.

అక్కడి నుంచి బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్ళాం. అమ్మవారికి పైకప్పు ఉండదు. ఎండా వానా నేరుగా తల మీదే. ఎవరైనా సరే తమ చేతులతో తామే పసుపూ కుంకుమా అద్ది, అమ్మవారిని తాకి మొక్కవచ్చు. నా ముందు చేపల బుట్ట పక్కన పెట్టి వచ్చిన ఒకావిడ రెండు చేతులతో పసుపు రాసి, విగ్రహానికి నుదురు ఆనించి, తన కష్టం అమ్మకే వినపడేట్టు చెప్పుకుంది.

మధ్యాహ్నం ఒక మెస్‌లో 130 రూపాయల భోజనం చేశాం. అరటికాయ ఆవపెట్టిన కూర ఘాటు కళ్ళలోకి ఎక్కింది. వడ్డించే కుర్రాడు, "ఇంకాస్త ఏద్దునా మామ్మా?" అని నన్ను పిలవగానే మామయ్య చాలా సంతోషించారు, అది తన చిన్నప్పటి మాట అన్నారు.

ఆ సాయంత్రం గదిలో కూర్చుని పద్దు పుస్తకాన్ని పాత పంచాంగంతో సరిచూశాం. మాకు కావలసిన పద్దు ఇది: "చిత్రభాను చైత్ర బ. త్రయోదశి, సోమవారం. బండి కిరాయి 12-8-0." బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. అది సోమవారమే కాబట్టి బండి కట్టింది కూడా ఆనాడేనని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. కానీ ఆ బహుళ పక్షంలో సోమవారాలు రెండు వచ్చాయి. త్రయోదశితో కూడిన సోమవారం ఏప్రిల్ 13. అంటే మావాళ్ళు బాంబుల నాడు పారిపోలేదు. మరో వారం రోజులు, ఖాళీ అవుతున్న ఆ ఊళ్ళోనే ఉన్నారు.

ఆ వారం పద్దులు మొదటిసారిగా ఆ దృష్టితో చదివాం. ఆరో తేదీ ఉదయం "మంగలి 0-2-0" అని ఒక్కటే ఉంది, తక్కిన పేజీ అంతా ఖాళీ. మంగళవారం: కిరసనాయిలు రెండు సీసాలు, బండి బేరం, కుదరలేదు. బుధవారం: బియ్యం ఒక కుంచం, పాలు లేవు. గురువారం: బండి 15 అడిగాడు, కుదరలేదు. శుక్రవారం: నల్ల కాగితం 0-3-0, దీపం వెలుగు బయటికి పోకుండా కిటికీలకు అంటించడానికి. శనివారం: జీతం మీద అడ్వాన్సు 20-0-0. ఆదివారం: బండికి బయానా. సోమవారం, బండి కిరాయికి దిగువన: "అమ్మవారికి పసుపు కుంకుమ 0-1-0, పిల్లలకు మరమరాలు 0-1-0."

వాళ్ళు ఏమి విని ఉంటారో ఊహించడం కష్టం కాదు. బర్మాలోని రంగూను రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ కూలికి వెళ్ళిన వేలమంది ఉత్తరాంధ్రవాళ్ళు అప్పటికే ప్రాణాలు చేతబట్టుకుని తిరిగి వస్తున్నారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద పడిన బాంబులను కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. మార్చి 8న రంగూను పోయింది, 23న పోర్టు బ్లెయిర్ పోయింది. ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారం నాడు కొలంబో మీద బాంబులు పడ్డాయి. మర్నాడే బంగాళాఖాతంలోకి వచ్చిన రియూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా పడ్డాయి. విశాఖ రేవులో ఉన్న ఆంగ్లో కెనడియన్ అనే ఓడ దెబ్బతింది. 1933లో పెద్ద ఓడలకు తెరిచిన హార్బరూ, 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా ఓడల కర్మాగారమూ ఊరికి ఎంత గర్వకారణమో, ఆ వారం అంత భయకారణం కూడా అయి ఉంటాయి.

పదమూడో తేదీ తరువాత బియ్యం పద్దు కుంచం నుంచి తవ్వకు దిగింది. ఇంటిల్లిపాదినీ పంపి ముత్తాతగారు ఒక్కరే ఉండిపోయారు. రేవు నడవాలి కాబట్టి హార్బరు మనిషికి ఊరు విడిచే వీలు లేదు.

జనవరి 19, ఆదివారం: బీచ్ రోడ్డు

"యుద్ధం నాటివి చూడాలి" అంటే ఆటో అతను ఏమీ సందేహించకుండా మమ్మల్ని కుర్సుర జలాంతర్గామి ముందు దింపి 100 రూపాయలు తీసుకున్నాడు. తప్పు అతనిది కాదు. విశాఖలో యుద్ధం అంటే 1971. ఆ డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. అప్పుడు మామయ్య ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నారు. హాస్టలు కిటికీ అద్దాలు ఒక్కసారి గలగలలాడితే భూకంపం అనుకుని అందరూ మెట్లు దిగారట. ఆయన జ్ఞాపకం విన్నాక నాకు ఒక సంగతి అర్థమైంది. అదే విశ్వవిద్యాలయాన్ని 1942లో సైన్యం కోసం ఖాళీ చేయించి గుంటూరుకు తరలించారు. ఆ సంగతి తన చదువు రోజుల్లో ఎవరూ చెప్పగా వినలేదని మామయ్య అన్నారు. కొత్త యుద్ధం వచ్చి పాత యుద్ధాన్ని కప్పేసింది.

విశాఖ మ్యూజియం బీచ్ రోడ్డులోనే, పాత డచ్చి బంగళాలో ఉంది. 1942లో జపానువాళ్ళు వేసిన బాంబు ఒకటి అక్కడ ప్రదర్శనలో ఉంది. ఇనుము, మనిషి చేత్తో చేసిన వస్తువు. నేను ఊహించుకున్న భయం దాని మీద ఎక్కడా లేదు. పక్కనే ఒక తల్లి ఆరేడేళ్ళ పిల్లవాడికి, "ఇది మన ఊరి మీద పడిందిరా" అని చెప్తోంది. "మనమేం చేశాం?" అని వాడు అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి, "ఏమీ చెయ్యలేదు నాన్నా" అంది.

తరువాత జాలరిపేట వైపు ఇసుకలో నడిచాం. యుద్ధకాలంలో తుపాకులు నిలిపిన చోటుకు కోస్టల్ బ్యాటరీ అనే పేరు ఇప్పటికీ బస్‌స్టాపు పేరుగా నిలిచి ఉంది. ఒడ్డున కాంక్రీటు పిల్‌బాక్స్ ఒకటి అలల తాకిడికి ఒకవైపుకు ఒరిగి ఉంది. దాని మీద వలలు ఆరేశారు. వల బాగుచేసుకుంటున్న ఒక జాలరిని అడిగితే, "బంకరండి. మా తాతల కాలం నుంచీ ఉంది. అప్పుడు ఒడ్డు ఇంకా అల్లంత దూరం ఉండీదంట" అని నీళ్ళలోకి చెయ్యి చాపి చూపించాడు. తుపాకీ గొట్టం పెట్టే కంతలోంచి నేను తొంగి చూశాను. సముద్రం ఒక అరచేతి వెడల్పున కనిపించింది.

సాయంత్రం 40 రూపాయల చొప్పున ముంత మసాలా తిన్నాం. మామయ్య పొట్లం పట్టుకునే పుస్తకం గురించి మాట్లాడుతూ, నాకు తట్టని ప్రశ్న ఒకటి వేశారు. అణా మరమరాలు రాసిన మనిషి, ఇత్తడి చెంబు ఎవరికైనా ఇస్తే రాయకుండా ఉంటాడా? ఆ రాత్రి భాద్రపదం దాకా ప్రతి పేజీ తిరగేశాం. చెంబు లేదు. కానీ ఇంకొకటి కనబడింది. ప్రతి నెలా ఒక చోట, "ఇంటి అద్దె 3-0-0. పుచ్చుకోలేదు" అని ఉంది. వైశాఖం, ఆ ఏడు వచ్చిన అధిక జ్యేష్ఠం, నిజ జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం. ఆరుసార్లు అదే మాట. పుచ్చుకోనివారి పేరు మాత్రం ఆరుసార్లలో ఒక్కసారీ రాయలేదు.

జనవరి 20, సోమవారం: సింహాచలం, పద్మనాభం

మెట్లకొండ అంటే సింహాచలమేనని మామయ్యకు గట్టి నమ్మకం. రోజుకు 3,000 రూపాయలకు కారు మాట్లాడుకుని పొద్దున్నే అడివివరం చేరాం. దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం తిని, కొండ కింద అనాసపండ్లు అమ్ముకునే పెద్దాయన పక్కన కూర్చుని మా కథ చెప్పాం. ఆయన అంతా విని ఒకే ఒక మాట అన్నారు: "మరి ఇక్కడ ఏరేదమ్మా?"

నిజమే. అమ్మమ్మ చెప్పిన రెండు గుర్తుల్లో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని మేము వదిలేశాం. పద్దు పుస్తకంలో కూడా "ఏటి ఒడ్డున ఎడ్లకు గడ్డి 0-4-0" అని ఉంది. మెట్లకొండా, ఏరూ రెండూ ఉన్న చోటు ఎక్కడని అడిగితే ఆయన పండు కోస్తూనే, "పద్మనాభం ఎల్లండి. గోస్తనీ అక్కడే" అన్నారు. పండుకు 60 రూపాయలు తీసుకుని, ఇంకో ముక్క ఉప్పూ కారం చల్లి ఊరికే ఇచ్చారు.

ఆనందపురం మీదుగా పద్మనాభం చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అనంత పద్మనాభస్వామి కొండకు వెయ్యికి పైగా మెట్లు. దూరం నుంచి చూస్తే తెల్లటి నిచ్చెన వేసినట్టుంది. ఈ నేల మీదే 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి చనిపోయాడు. మేము మెట్లెక్కలేదు. కింద కుంతీమాధవస్వామి గుడి దగ్గర, టీ కొట్టులో, కిరాణా దుకాణంలో అడుగుతూ పోయాం. టీ కొట్టు ఆవిడ గ్లాసుకు 10 రూపాయలు తీసుకుని, "బాంబులప్పుడు పట్నపోలు మా సుట్టుపక్కల సానామంది ఒచ్చినారంట, ఎవులని సెప్తాం?" అంది. ఒక్క ఊరి పేరు కూడా తేలలేదు. పొద్దు వాలే వేళకు పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు మా మాట విని, తన సంచిలోని కాగితం తీసి ఏటికి అవతలనున్న పల్లెల పేర్లు వరసగా రాశారు. రాస్తూనే ఫోను తీసి ఎవరెవరికో చేశారు. నాలుగో ఫోనులో ఆయన గొంతు మారింది. "రేపు పొద్దున్నే రండి, నేనూ వస్తాను" అన్నారు.

జనవరి 21, మంగళవారం: ఏటి అవతలి పల్లె

ఆ ఇంటివారు తమ పేరూ, ఊరి పేరూ రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. గోస్తనీలో జనవరి నెలలో నీళ్ళు పాయలుగానే ఉంటాయి. వంతెన మీద కారు ఆపించి దిగాను. బండి చక్రం ఇసకలో దిగబడితే అందరం దిగి తోశామని అమ్మమ్మ అనేది. ఎగువన తాటిపూడి దగ్గర ఆనకట్ట కట్టి, ఈ ఏటి నీళ్ళనే విశాఖ నగరానికి తాగడానికి పంపుతున్నారు.

ముందు భాగం పాత పెంకుటిల్లు, వెనక కొత్త స్లాబు గది. ఇంటి కోడలు గుమ్మంలోనే చెంబుతో నీళ్ళిచ్చి, కాళ్ళు కడుక్కోమంది. సొట్టలు పడిన బరువైన ఇత్తడి చెంబు. ఒక చేత్తో వంచుతుంటే మణికట్టు లాగింది. కడుక్కుని, అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళాం.

ఎనభై ఎనిమిదేళ్ళ అవ్వ నులకమంచం మీద ఎండలో కూర్చుని ఉంది. మాస్టారు చెవి దగ్గరకు వంగి మేము ఎవరమో చెప్పారు. ఆమె నన్ను దగ్గరకు రమ్మని, గడ్డం పట్టుకుని ముఖం ఎండకు తిప్పి చూసింది. "మా అప్పకీ, ఆ పాపకీ ఒక్కటే ఈడు" అంది. అప్ప అంటే వాళ్ళ అక్క. పోయి చాలా ఏళ్ళయింది. బాంబుల నాటికి ఈ అవ్వకు అయిదేళ్ళు. కొంత తన కళ్ళతో చూసినది, కొంత అప్ప చెప్పగా విన్నది. ఏది ఏదో ఆమే విడదీసి చెప్పింది.

పట్నం నుంచి బండి వచ్చి రావిచెట్టు కింద ఆగిందట. వాళ్ళ అయ్య ముందు గదీ, అరుగూ మావాళ్ళకు వదిలేసి, తన పెళ్ళాం బిడ్డలను పశువుల సాలలోకి మార్చాడు. వానాకాలం మొత్తం వాళ్ళు ఎడ్ల పక్కనే పడుకున్నారు. మాది మడీ ఆచారమూ గట్టిగా పట్టిన ఇల్లు. మా ముత్తమ్మమ్మ తన నీళ్ళు తానే తోడుకునేది, వంట చేసుకునే చోటికి ఆ ఇంటి పిల్లలను రానిచ్చేది కాదు. "మేమూ ఎల్లీవోలం కాదమ్మా" అంది అవ్వ, మా తరఫున సర్దిచెప్తున్నట్టు.

"మీ అమ్మమ్మ ఊరుకునీది కాదు. పెరటి దారిన మా కాడికొచ్చి సోడంబలి తాగీది. ఉల్లిపాయ కొరుక్కుని, మూతి కడుక్కుని, వోసన రాకుండా జాంచిగురు నమిలి ఎల్లిపోయీది."

నేను మామయ్య ముఖం చూశాను. ఉల్లిపాయ గడప దాటని మా ఇంట్లో, ఎండాకాలం వచ్చిందంటే అమ్మమ్మ ఒక్కతే పెరట్లో కూర్చుని, చోడి అంబలిలో, అంటే రాగి అంబలిలో, మజ్జిగ పోసుకుని, పచ్చి ఉల్లిపాయ నంజుకుని తాగేది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే చెప్పేది కాదు.

చెంబు సంగతి నేనే ఎత్తాను. మావాళ్ళు ఒక ఇత్తడి చెంబు ఇచ్చారట కదా అన్నాను. అవ్వ కోడలిని పిలిచి, అరుగు మీది చెంబును తెమ్మంది. నేను కాళ్ళు కడుక్కున్న చెంబే అది. తిరగేసి చూస్తే అంచు కింద, చుక్కలు చుక్కలుగా కొట్టిన రెండక్షరాలు, మా ఇంటిపేరు మొదటిదీ, ముత్తాతగారి పేరు మొదటిదీ, సగం అరిగిపోయి కనిపించాయి. మా ఇంట్లో ఉన్న పాత సామాను మీద కూడా ఆ అక్షరాలు అలాగే ఉంటాయి. రెండో అక్షరం తలకట్టు దగ్గర సుత్తి జారి ఒక చుక్క పక్కకు పడి ఉంటుంది. ఆ తప్పు చుక్క దీని మీదా ఉంది.

"ఇచ్చినారా? ఇచ్చింది కాదమ్మా" అంది అవ్వ. శ్రావణంలో అప్పకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. పెద్దవాళ్ళు పొలంలో ఉన్నారు. దాహం అని అరుస్తుంటే మా అమ్మమ్మ తమ నీళ్ళ చెంబు పట్టుకొచ్చి తాగించింది. అది మా ముత్తమ్మమ్మ చూసింది. పిల్లను తిట్టలేదు, కొట్టలేదు. చెంబును మాత్రం తీసి అరుగు చివర పెట్టింది. "అప్ప మూతి తగిలిందని మరి ముట్టలేదు. ఎల్లిపోయీనాడు బండిలో సామానంతా ఎక్కించి, దీన్ని అరుగు మీదే ఒగ్గేసినారు. మా అయ్య ఎనకాల పరిగెట్టి ఇస్తే, ఉంచుకోమన్నారు."

పద్దు పుస్తకంలో ఆ చెంబు ఎందుకు లేదో నాకు అప్పుడు తెలిసింది. ఇచ్చినది కాదు కాబట్టి ముత్తాతగారు రాయలేదు. ఎనభై మూడేళ్ళు మేము దాన్ని మా మంచితనంగా చెప్పుకున్నాం. నేను ఆమె చేతులు పట్టుకుని, మావాళ్ళు చేసింది తప్పని అన్నాను. నా గొంతు వణికింది. "మరేటి సేత్తారు, ఆ కాలం అలాటిది" అంది ఆమె, నా వీపు నిమురుతూ. "పాప నీల్లిచ్చింది కదా. అప్ప బతికింది కదా."

ఆ చెంబుతో నాకు మంచినీళ్ళు కావాలని అడిగాను. కోడలికి అది నచ్చలేదు. కాళ్ళు కడిగే చెంబుతో చుట్టాలకు నీళ్ళెలా ఇస్తామంది. చింతపండు పెట్టి తోమి, తళతళలాడించి, కుండ నీళ్ళు నింపి తెచ్చేదాకా పావుగంట పట్టింది. నేనూ, మామయ్యా తాగాం.

మధ్యాహ్నం అన్నం, చిక్కుడుకాయ కూర, ములగకాడల పప్పుచారు, పండక్కి చేసిన అరిసెలు పెట్టారు. నేను అంబలి అడిగితే ఆ ఇంట్లో అందరూ నవ్వారు. అంబలి చుట్టాలకు పెడతారా అని కోడలు ఎంత వారించినా అవ్వ వినలేదు, పొద్దుటి కుండలోది పోయించింది. పులిసిన వాసన, గొంతులో చల్లదనం, చివర కొంచెం ఉప్పు.

బయలుదేరేటప్పుడు మామయ్య ఒక కవరు అవ్వ చేతిలో పెట్టబోయారు. ఆమె ఆ చేతిని వెనక్కి నెట్టేసింది. ఆయన మరోసారి ప్రయత్నించి, పుస్తకంలోని మాట గుర్తొచ్చిందేమో, ఆగిపోయారు. చెంబును మేము అడగలేదు, వాళ్ళు ఇస్తామనలేదు. మేము కారెక్కేటప్పటికి కోడలు దాన్ని నీళ్ళతో నింపి మళ్ళీ గుమ్మం పక్కన పెట్టింది.

రాత్రి హోటలు నుంచి అమ్మకు ఫోను చేశాను. చెంబు సంగతి దాచకుండా మొత్తం చెప్పాను. అవతల చాలాసేపు మాట వినపడలేదు. లైను పోయిందనుకుని రెండుసార్లు పిలిచాను.

"అంబలి పోశారా నీకు?" అంది అమ్మ చివరికి.

"పోశారమ్మా."

"ఉల్లిపాయ ఇచ్చారా?"

"ఇచ్చారు."